చెరువు వైపు పెట్టలు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం చేసినంత కాలం నేను కోళ్లకి పుస్తకాలు చదివి వినిపించాను.

సరదాకి చేసిన పని కాదు. నలుగురి ముందు నోరు విప్పాలంటే నాకు గొంతు ఆరిపోయేది. చిన్నప్పుడు క్లాసులో హాజరు కూడా పక్క పిల్ల చేత పలికించేదాన్ని. ఉద్యోగంలో చేరాక నెలకోసారి మీటింగులో లేచి లెక్కలు చెప్పాల్సి వచ్చింది. గొంతు అలవాటు పడుతుందని, షెడ్డులో మనుషులు లేని సమయం చూసుకుని, సంచిలోంచి నవల తీసి రెండు మూడు పేజీలు పైకి చదివేదాన్ని. కొత్తగా గుడ్డుకొస్తున్న పెట్టలు చిన్న అలికిడికే బెదిరిపోతాయి. రెక్కలు కొట్టుకుంటూ కేజ్ తీగలకి గుద్దుకుంటాయి. అవి బెదరకుండా ఒక పేజీ చదవగలిగితే, ఆ రోజుకి నా గొంతు మనుషులకి కూడా పనికొస్తుందని లెక్క.

పోయిన ఏడు ఉద్యోగం మానేశాను. ముప్పై నాలుగేళ్లకే రిటైర్మెంటేమిటని మా వాళ్లు నవ్వారు. షెడ్లలోని దుమ్ముకి, రెట్ట ఘాటుకి నా ఊపిరితిత్తులు తట్టుకోలేదు. ఏలూరులో ఛాతీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, పని మార్చుకోమని నెమ్మదిగానే చెప్పాడు. నా కుర్చీలోకి ఎవరో ఒక అమ్మాయి వచ్చి ఉంటుంది. ఆ అమ్మాయికి నేను అప్పగించి వచ్చింది ఒక కంప్యూటరు, ఒక పాస్‌వర్డు మాత్రమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

పని ఏమిటంటే

తాడేపల్లిగూడెంలో ఒక కోళ్ల కంపెనీ. కోడిపిల్లల్ని పెంచి, గుడ్డుకి రాబోయే ముందు రైతుల షెడ్లలో దించుతుంది. పెట్టలూ, దాణా, మందులూ కంపెనీవి. షెడ్డూ, చాకిరీ రైతువి. ఏ షెడ్డులో ఎప్పటికి ఎన్ని గుడ్లు వస్తాయో ముందే తెలిస్తే తప్ప ట్రేలు, లారీలు, దాణా ఏవీ సర్దుబాటు కావు. అది చెప్పడం నా పని. నేను చదివింది స్టాటిస్టిక్స్. చేరేదాకా కోడిని చేత్తో పట్టుకున్నది లేదు.

వందలో ఎన్ని పెట్టలు ఈ రోజు గుడ్డు పెట్టాయో అదే శాతం. వయసు పెరిగే కొద్దీ ఆ శాతాన్ని గీస్తే కొండలా ఒక గీత వస్తుంది. మొదట నిటారుగా ఎక్కుతుంది, శిఖరం దగ్గర కొంత కాలం నిలుస్తుంది, ఆ తర్వాత చాలా నెమ్మదిగా దిగుతుంది. ఎక్కడం మొదలైన కొద్ది రోజుల్లోనే మిగతా కొండంతా ఎలా ఉంటుందో ఊహించడానికి ఒక సమీకరణం ఉంటుంది. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ అందులో తేల్చుకోవాల్సినవి మూడే అంకెలు. ఆ మూడూ ఏమిటో నాకు మొదటి ఏడాదంతా అర్థం కాలేదు.

పెళ్లి భోజనాలు

గీత మెల్లగా ఎక్కుతోంది కాబట్టి ప్రతి పెట్టా మెల్లగా పుంజుకుంటుందని అనుకున్నాను. మొదట వారానికి ఒక గుడ్డు, తర్వాత రెండు, తర్వాత నాలుగు, ఇలా. ఆ నమ్మకంతో వేసిన అంచనాలు తప్పుతూ వచ్చాయి. చివరికి ఉంగుటూరు దగ్గర ఒక షెడ్డులో కొన్ని పెట్టల్ని విడివిడిగా పెట్టించి, ఏ పెట్ట ఏ రోజు పెట్టిందో రాసుకున్నాను. అప్పుడు తెలిసింది. ఒకసారి మొదలుపెట్టిన పెట్ట దాదాపు రోజూ పెడుతుంది. అక్కడక్కడ ఒక రోజు మానేస్తుంది, అంతే. గీత మెల్లగా ఎక్కేది పెట్టలు మెల్లగా నేర్చుకుంటున్నందుకు కాదు, ఒక్కొక్కటీ ఒక్కో రోజున మొదలుపెడుతున్నందుకు.

పెళ్లి భోజనాల హాలు అనుకోండి. సగం విస్తళ్లు ఖాళీగా ఉన్నాయంటే, వచ్చినవాళ్లు సగం కడుపుతో తింటున్నారని కాదు. సగం మంది ఇంకా దారిలో ఉన్నారని. వచ్చినవాళ్లంతా నిండా తింటున్నారు. సమీకరణంలోని మూడు అంకెలూ ఇవే: సగం మంది ఎప్పటికి వచ్చారు, అందరూ ఒక్కసారే వచ్చారా విడతలుగా వచ్చారా, తిన్నాక ఎంత నింపాదిగా లేస్తున్నారు. దీన్ని ఇలా చూడటం అలవాటైతే మిగతా గణితం అంతా కూడికలే.

సగటు పెట్ట అనేది ఏ షెడ్డులోనూ ఉండదు. కాగితం మీదే ఉంటుంది.

ఇంకొక మాట. శాతం తీసేటప్పుడు బతికున్న పెట్టలతో భాగిస్తారు. అలా భాగిస్తే షెడ్డులో ఎన్ని చచ్చినా గీత చక్కగానే కనిపిస్తుంది. పైవాళ్లకి ఆ గీతంటే ఇష్టం. మీరు రెండూ గీయండి. మొదట్లో దించిన పెట్టల సంఖ్యతో భాగించిన గీతని ముందు చూడండి. రైతు బతికేది ఆ గీత మీదే.

సంత రోజు

కామవరపుకోట వైపు ఒక షెడ్డులో వారానికో రోజు గుడ్లు తగ్గేవి, మర్నాడు పెరిగేవి. వారం వారం తప్పకుండా అలాగే జరిగేది. నేను ఉత్సాహంగా సమీకరణంలోకి వారానికొకసారి లేచి పడే ఒక అలని చేర్చాను. గీత బ్రహ్మాండంగా సరిపోయింది. పేజీలకి పేజీలు డైరీలో రాసుకున్నాను, పెట్టల ఒంట్లో వారాన్ని లెక్కపెట్టే గడియారం ఏదో ఉందని.

గుడ్లు తగ్గే రోజున అక్కడికి వెళ్తే, అది సంత రోజు. పనివాళ్లు మధ్యాహ్నానికే సంతకి వెళ్లిపోతారు. సాయంత్రం గుడ్లు మర్నాడు పొద్దున ఏరుతారు. నా గడియారం సంగతి విన్న ఆ రైతు, ఆ తర్వాత సంత రోజున ఫోన్ చేసినప్పుడల్లా, "ఈ రోజు కోళ్లు సంతకెళ్లాయండీ," అని చెప్పేవాడు. అలని తీసేశాను. సరిపోయే గీతలన్నీ నిజాలు కావని ఆ షెడ్డులో నేర్చుకున్నాను.

డాక్టరు గారు

మా పైఅధికారి సూర్యారావు గారు పశువైద్యులు. అందరూ డాక్టరు గారనేవారు. జీవితమంతా కోళ్ల మధ్యే గడిపిన మనిషి. నా గీతలు చూసి మొదటి రోజే అన్న మాట ఇది: "గీత నున్నగా ఉందంటే నువ్వే నున్నగా చేశావన్నమాట. ఎక్కడ చేశావో నాకు చూపించు." మంచి అధికారి ఎలా ఉండాలంటే నాకు ఆయనే గుర్తొస్తారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, ఆ షెడ్డుకే మళ్లీ పంపేవారు.

ఆయనలో ఒక్క లోపం. జబ్బులు చాలా చూసినవారు కావడంతో గీత కుంగితే ఆయనకి ముందు జబ్బే కనిపించేది. ఒకప్పుడు ఆలస్యంగా కళ్లు తెరిచి చుట్టుపక్కల షెడ్లన్నీ పోగొట్టుకున్న రోజులు ఆయన మరిచిపోలేదు. అనుమానం వస్తే లారీ పంపి పెట్టల్ని మాంసానికి ఎత్తించేసేవారు. చాలాసార్లు అది సరైన పనే.

రామలక్ష్మి గారి షెడ్డు

మండవల్లి దాటాక, కొల్లేరు అంచున రామలక్ష్మి గారి షెడ్డు. ఒకవైపు రోడ్డు. రెండో వైపు ఆవిడ మరిది శ్రీనుది రొయ్యల చెరువు. షెడ్డుకి రెండు తలుపులు. గుడ్లు రెండు వైపులా ఏరి రెండు చోట్ల పేర్చేవారు. అందుకని ఫోన్లో ఆవిడ ఎప్పుడూ రెండు అంకెలు చెప్పేవారు, చెరువు వైపు ఇన్ని, రోడ్డు వైపు ఇన్ని అని. మా ఆఫీసు కంప్యూటర్లో ఒక్క అంకెకే చోటు. నేను కూడి ఎక్కించేదాన్ని గానీ, విడిగా రెండు గీతలూ వేసుకునేదాన్ని.

ఆవిడకి అది రెండో బ్యాచ్. మొదటిది అంతంత మాత్రంగా వెళ్లింది. ఇది కూడా పోతే కంపెనీ మరో బ్యాచ్ ఇవ్వదు, షెడ్డు చోట చెరువు పెద్దది చేసుకుందామని మరిది ఎప్పటినుంచో అడుగుతున్నాడు. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ ఒకసారి ఆవిడే చెప్పారు.

"పొలం మా ఆయనదండీ. చెరువు మా మరిదిది. షెడ్డొక్కటే నాదండీ."

ఆ బ్యాచ్‌లో చెరువు వైపు వరసలు అనుకున్నదానికంటే ముందే గుడ్డుకొచ్చాయి. గుడ్లు చిన్నవని గుడ్ల వ్యాపారి సణిగాడట. నేను మాత్రం బాగుందన్నాను. ఏలూరు నుంచి వచ్చే బస్సు ఆలస్యమై నేను వెళ్లేసరికి చాలాసార్లు పొద్దు వాలేది. చెరువు వైపు వరసల మధ్య నిలబడి నవల చదివేదాన్ని. అప్పట్లో చదువుతున్నది లైబ్రరీ పుస్తకం, తండ్రిని వెతుక్కుంటూ ఒంటరిగా పడవెక్కిన ఒక పిల్ల కథ. పొట్టి గోడకి అవతల రామలక్ష్మి గారు ట్రేలు సర్దుతూ ఉండేవారు. కాసేపటికి ట్రేల చప్పుడు ఆగిపోయేది. ఆవిడ ఇంటికెళ్లిపోయారని ధైర్యంగా ఇంకో పేజీ చదివేదాన్ని.

ఒక వారం చెరువు వైపు గీత ఎక్కడం ఆపేసింది. తర్వాత దిగింది. కొన్ని పెట్టలు ఈకలు కూడా రాల్చాయి. పుంజుకునే వయసులో పెట్టలు ఆగిపోవడమంటే మా భాషలో చావు కబురు. డాక్టరు గారు వెళ్లి చూశారు, రక్తం తీయించి పరీక్షకి పంపారు. ఏమీ తేలలేదు. తేలకపోవడం ఆయన్ని ఇంకా భయపెట్టింది. నెలాఖరు మీటింగులో లారీ సంగతి తేల్చేద్దామన్నారు.

మీటింగుకి రెండు రోజుల ముందు నేను ఒక్కదాన్నే వెళ్లాను. దాణా చూశాను, నీళ్లు చూశాను, కనిపించిందేమీ లేదు. రామలక్ష్మి గారు నా వెనకే నడిచారు. పొద్దు వాలాక ఆవిడ ట్రేల దగ్గరికి వెళ్లారు. నాకు తోచక, అలవాటు కొద్దీ, చెరువు వైపు వరసల్లోకి వెళ్లి పుస్తకం తెరిచాను.

అక్షరాలు కనిపించలేదు.

పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాను. లాభం లేదు. షెడ్డు బల్బుల వెలుతురు రోడ్డు వైపు వరసలకీ, మధ్య నడవకీ బాగానే పడుతోంది, ఇటు వచ్చేసరికి పల్చబడిపోయింది. మరి ఇన్నాళ్లూ ఇక్కడ నిలబడి ఎలా చదివాను? తలెత్తి బయటికి చూశాను. చెరువు చుట్టూ స్తంభాలున్నాయి. వాటి మీద ఫోకస్ లైట్లు వెలగడం లేదు. చెరువులో నీళ్లు లేవు. రొయ్యలు పట్టేసి చెరువుని ఎండగట్టారు. నెర్రెలిచ్చిన బురద, ఒడ్డున బోర్లించిన, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు.

పెట్ట గుడ్డుకి రావడం, ఆగడం వెలుతురుని బట్టి ఉంటుంది. పగలు పొడుగవుతున్నట్టు కనిపిస్తే గుడ్డుకొస్తుంది. పగలు కుంచించుకుపోతున్నట్టు కనిపిస్తే ఆగిపోతుంది. అందుకే షెడ్లలో బల్బులు పెట్టి పగలు ఎప్పుడూ తగ్గనివ్వం. ఈ వైపు పెట్టలకి రాత్రంటే ఏమిటో తెలియదు. రొయ్యల కాపలాకి తెల్లవార్లూ వెలిగిన లైట్లే వాటికి పగలు. అందుకే తొందరపడి గుడ్డుకొచ్చాయి, అందుకే గుడ్లు చిన్నవి. చెరువు పట్టేసిన రోజున వాటి పగలు ఒక్కసారిగా తెగిపోయింది. కంపెనీవాళ్లం ఎప్పుడూ ఎండ ఉండగా వచ్చి ఎండ ఉండగానే పోయేవాళ్లం. పొద్దుపోయాక వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో ఆ వెలుతురులో కథలు చదువుకుంటూ కూర్చున్నాను.

రామలక్ష్మి గారిని పిలిచి, చెరువు ఎప్పుడు పట్టారని అడిగాను. ఆవిడ చెప్పిన రోజు, నా గీత ఆగిన రోజు పక్కపక్కనే ఉన్నాయి.

మీటింగు

మీటింగులో డాక్టరు గారు లారీ సంగతి ఎత్తారు. నేను లేచాను. ఎదురుగా కూర్చున్నవాళ్లని కాకుండా వాళ్ల వెనక గోడని చూస్తూ, షెడ్డులో చదివినట్టే, తొందర లేకుండా చెప్పాను. ఒక గీత కాదండి, రెండు గీతలని, ఒకటి ముందు మొదలై ముందు ఆగిందని, రెండోది తన దారిన తాను ఎక్కుతోందని, చెరువు లైట్లు ఆరిపోయిన సంగతీ.

"జబ్బయితే?" అన్నారు డాక్టరు గారు.

"జబ్బయితే నడవ దాటేదండి. ఇన్నాళ్లయినా దాటలేదండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కడ లైట్లు లేవని నీకెలా తెలిసింది?"

"పొద్దుపోయేదాకా ఉన్నానండి. ఏదో చదువుదామంటే కనిపించలేదండి."

"థర్మామీటరా?"

అవునన్నట్టు తలూపాను. ఆ ఒక్క అబద్ధం మాత్రం మీటింగు మినిట్స్‌లోకి ఎక్కింది.

ఆయన చాలాసేపు రెండు గీతల్నీ చూశారు. "సరే అమ్మాయ్. వచ్చే దాణా లోడు వరకూ ఆగుదాం. అప్పటికి నీ గీత తలెత్తకపోతే లారీ వెళ్తుంది. నువ్వే దగ్గరుండి ఎక్కించాలి."

ఎండిన చెరువు మీద లైట్లు

ఇప్పుడు చేయాల్సింది చెప్పడానికి తేలిక. పోయిన వెలుతురుని మళ్లీ తెచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ షెడ్డు బల్బుల వేళకి తేవాలి. ఒక్కసారిగా తెంచకూడదు. చెరువు లైట్లు మళ్లీ వేయాలి. అవి శ్రీనువి.

రామలక్ష్మి గారు అరుగు మీదే శ్రీనుని అడిగారు. నేను ఆవిడ వెనక నిలబడ్డాను. శ్రీను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"నీళ్లు లేని చెరువుకి లైట్లేంటొదినా? కప్పలకి పెళ్లా?"

"కప్పలకి కాదు బాబూ, నా కోళ్లకి. కరెంటు నేను చూసుకుంటాను."

"నవ్వుతారొదినా ఊళ్లో."

"నవ్వనీ. నీ రొయ్యలకి జబ్బొచ్చినప్పుడు నేను నవ్వానా?"

అతను లేచి వెళ్లి స్విచ్చి వేశాడు. మంచివాడే. షెడ్డు పోతే చెరువు పెంచుకోవచ్చని అతనికి తెలుసు, వేయననవచ్చని కూడా తెలుసు. వేశాడు.

ఊరు నవ్వింది. రాత్రి పూట కైకలూరు రోడ్డు మీద వెళ్లేవాళ్లు బండి ఆపి, ఎండిపోయిన బురద మీద జాతరలా వెలుగుతున్న లైట్లని చూసి వెళ్లేవారట. కొన్ని రోజులకొకసారి శ్రీనే కాస్త ముందుగా లైట్లు తీసేస్తూ వచ్చాడు, నేను చెప్పిన ప్రకారం. నేను రోజూ సాయంత్రం రెండు అంకెల కోసం ఫోన్ దగ్గర కూర్చునేదాన్ని. మొదట్లో ఏమీ కదల్లేదు. దాణా లోడు బయల్దేరే ముందు రోజు చెరువు వైపు అంకె కాస్త పెరిగింది. అంతే, కాస్త. కాగితం మీద చూస్తే గీత తలెత్తిందో లేదో తేల్చి చెప్పలేనంత. డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన ఆ గీతకి స్కేలు ఆనించి చూసి, "నువ్వు నున్నగా చేయలేదుగా?" అన్నారు. లేదన్నాను. లారీ వెళ్లలేదు.

చెరువు వైపు వరసలు చివరిదాకా రోడ్డు వైపు వాటి ఎత్తుకి రాలేదు. ఆ సంగతి కూడా రాయాలి. పోగొట్టుకున్నదాన్ని సమీకరణం తిరిగి ఇవ్వదు. ఎక్కడ పోయిందో చెబుతుంది. అయినా బ్యాచ్ నిలబడింది, కాలం నిండేదాకా గుడ్లిచ్చింది, ఆ తర్వాత రామలక్ష్మి గారికి మరో బ్యాచ్ వచ్చింది. ఇప్పుడు చెరువు వైపు షెడ్డుకి గోనె పట్టాల తెరలు కట్టారు. పొద్దు వాలగానే దించేస్తారు.

మీరు ఈ పనిలోకి వస్తుంటే నేను చెప్పగలిగింది ఒకటే. సమీకరణం ఎవరైనా నేర్పుతారు. పొద్దుపోయాక షెడ్డులో కాసేపు ఉండండి. ఎందుకున్నారని ఎవరైనా అడిగితే చెప్పడానికి మీకంటూ ఏదో ఒక పని పెట్టుకోండి.

చివరిసారి

పని మానేసే ముందు వారం, చెప్పి వద్దామని మండవల్లి వెళ్లాను. దుమ్ము పడదని రామలక్ష్మి గారు నన్ను షెడ్డులోకి రానివ్వలేదు. అరుగు మీదే కూర్చోబెట్టారు. రొయ్యల పచ్చడి సీసా ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చారు, మరిది చెరువు రొయ్యలే. కొత్త అమ్మాయి ఎలాంటిదని అడిగారు. నాకూ తెలియదన్నాను.

ఆటో ఎక్కాను. ఆవిడ ఆటో రాడ్డు పట్టుకుని నిలబడ్డారు. ఏదో అడగాలనుకుంటున్నట్టు, అడగలేకపోతున్నట్టు ఉన్నారు. షెడ్డు గురించే అయి ఉంటుందనుకున్నాను. కొత్త అమ్మాయికి కూడా రెండు అంకెలూ చెప్పాలా అని అడుగుతారేమో అనుకున్నాను. ఆటో కదలబోతుండగా ఆవిడ నా వైపు వంగి, డ్రైవరుకి వినపడకుండా, నెమ్మదిగా అడిగారు.

"ఏవండీ, ఆ లైట్లు పోయినప్పుడు కథ ఆపేశారు, మళ్లీ ఎత్తలేదండీ మీరు. ఆ పడవెక్కిన పిల్లకి వాళ్ల నాన్న కనిపించాడాండీ?"